స్తంభం ఎక్కి ఊరికే దిగివచ్చినాయన

పోయిన ఆదివారం ఆరాధన ముగించుకుని, చర్చి నుంచి ఇంటికి పోకుండా అటునుంచి అటే మా పట్నంలోని విశ్రాంత ఉద్యోగుల సంఘం హాలుకు వెళ్ళాను. ఒక రాజకీయ పార్టీ వాళ్ళు, తమ చేతికి ఖజానా వస్తే దేనికి ఎంత పెడతారో, దేనిలో ఎంత కోస్తారో రాసుకున్న బడ్జెట్ ప్రతిపాదనల పుస్తకం అచ్చువేయించి, మా బోటి పెద్దవాళ్ళ అభిప్రాయం కావాలని సమావేశం పెట్టారు. ఈ వయసులో మనల్ని అభిప్రాయం అడిగేవాళ్ళు ఇంట్లోనే తక్కువ గనుక, అడిగారు గదా అన్న మురిపెంతో పోయినవాళ్ళమే అందరమూ. నున్నటి కాగితం మీద రంగురంగుల బొమ్మలతో పుస్తకం చూడముచ్చటగా ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోయినదాన్ని, రెండుచోట్ల మాత్రం ఆగి మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను.

ఒకటి, చిన్న చిన్న ఊళ్ళలో నడుస్తున్న ప్రభుత్వ హాస్టళ్ళను మూసి పెద్ద పట్నంలో ఒకచోట కలిపేస్తారట. అంత దూరం రాలేని పిల్లల ఇళ్ళకు, తల్లి ఖాతాలో కొంత డబ్బు వేస్తారట. రెండోది, హాస్టళ్ళకూ అంగన్‌వాడీలకూ పేదల కాలనీలకూ ముందుగా డబ్బు కట్టి వాడుకునే కరెంటు మీటర్లు పెడతారట. కట్టింది అయిపోగానే కరెంటు దానంతటదే ఆగిపోతుందట. దీనికి దుబారా అరికట్టడమని పేరు పెట్టారు.

ఎవరైనా మాట్లాడతారా అని మైకులో అడిగినప్పుడు నా చేయి ఎలా లేచిందో నాకే తెలియదు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినదాన్నే గానీ, పెద్దల సభలో లేచి మాట్లాడిన అలవాటు లేదు. అక్కడ నేను మాట్లాడింది నాలుగు నిమిషాలే. నా చేత ఆ నాలుగు నిమిషాలూ మాట్లాడించిన సంగతి మాత్రం నాలుగు మాటల్లో తెమిలేది కాదు; మన ఈడు వాళ్ళకైతే నింపాదిగా చెప్పుకోవచ్చు.

మాది సగం పత్తి, సగం మిరప పండే నల్లరేగడి ఊరు. అమ్మా నాన్నా ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. క్రిస్మస్ పండగ వెళ్ళిందంటే మిరప కోతలు మొదలయ్యేవి, కోతలు మొదలయ్యాయంటే బళ్ళో ఊరి చివరి మా పల్లె పిల్లలు కూర్చునే వరస ఖాళీ అయ్యేది. కాయ ఎరుపెక్కాక చేను ఎవరి కోసమూ ఆగదు గనుక ఇంట్లో నడవగలిగిన ప్రతివాళ్ళూ పోవలసిందే. సాయంత్రానికి వేళ్ళు భగభగ మండిపోతుంటే మజ్జిగలో ముంచి కూర్చోబెట్టేది అమ్మ, మజ్జిగ దొరకని రోజున తడి రేగడి మట్టి పట్టించేది. పొరపాటున ఆ చేత్తో కళ్ళు నులుముకున్నామా, ఇక ఆ రాత్రికి లోకం లేదు. మధ్యమధ్య ఒకపూట బడికి పోతే మా మాష్టారు ఆ రోజుల్లో మాత్రం చేతుల మీద బెత్తం ఆడించేవారు కాదు. ఎందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ మాకు తెలుసు.

ఏడో తరగతి అయ్యాక మా చర్చి అయ్యగారు ఒకనాడు ఇంటికొచ్చి, తాలూకా ఊళ్ళో ఆడపిల్లలకు గవర్నమెంటు హాస్టలు పెట్టారనీ, దరఖాస్తు తానే రాసి సంతకానికి తెచ్చాననీ అన్నారు. నాన్న తల గోక్కున్నాడు. అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది.

“రెండుపూటలా అన్నం పెడతారా అయ్యగారూ?”

“మూడు పూటలమ్మా,” అన్నారాయన.

అమ్మ నమ్మలేదు. ఆయన మీద గౌరవం కొద్దీ ఊరుకుంది. మొదటి నెలలో మూడుసార్లు, ఎనిమిది మైళ్ళు నడిచి వచ్చి, నేను నిజంగానే తింటున్నానా అని అరుగు మీద కూర్చుని చూసి పోయింది. మూడోసారి వచ్చినప్పుడు మా వంట పెద్దమ్మ తననూ కూర్చోబెట్టి కంచంలో వడ్డిస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తింది. ఆ తరవాత చూడటానికి రావడం మానేసింది. అది నమ్మకమన్నమాట.

హాస్టలంటే ఏ మేడో అనుకునేరు. అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు, నలభైమంది ఆడపిల్లలం, నలభై రేకు పెట్టెలు. మా వార్డెన్ మేడమ్ పొన్నూరు వైపు మనిషి. మాతో పాటు వరసలో నేల మీద కూర్చుని, మేము తాగే పలచటి సాంబారే తానూ పోసుకుని తినేవారు. ఆ సాంబారులో ములక్కాడ ముక్క ఎవరి కంచంలో పడితే వాళ్ళకు ఆ రోజు అదృష్టం బాగున్నట్టు లెక్క. వంట పెద్దమ్మది చీరాల. నేతపని వాళ్ళింట పుట్టి ఈ ఊరికి కోడలై వచ్చి, భర్త పోయాక మా వంటకు కుదిరింది. ఆమె గొంతు విప్పితే మగ్గాల చప్పుడు కూడా ఆగిపోయేదని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఇంటి వెనక పెరట్లో ఒక బావి ఉండేది గానీ ఎండలు ముదరకముందే అడుగంటేది. దాని పక్కనే బోరు వేసి కరెంటు మోటారు పెట్టారు. మోటారు తిరిగితే సిమెంటు తొట్టి నిండేది, తొట్టి నిండితే వంటా స్నానాలూ బట్టలూ అన్నీ నడిచేవి. లోపల హాల్లో ఒక ట్యూబులైటు. కిరసనాయిలు బుడ్డి ముందు పెరిగిన నాకు మొదటి రోజున దాన్ని చూసి, పగలు తెచ్చి ఇంట్లో కట్టేశారేమో అనిపించింది.

అక్కడ ఉన్న మూడేళ్ళూ కోతలకు పోలేదు నేను. ఇది చిన్నమాటగా కనిపించవచ్చు. క్రిస్మస్ వెళ్ళిన దగ్గర్నుంచి పరీక్షల దాకా వరసగా బడికి పోవడమంటే ఏమిటో నాకు పదమూడో ఏట మొదటిసారి తెలిసింది.

పదో తరగతికి వచ్చిన ఏడు, పొదుపు అనే మాట మా హాస్టల్లోకి వచ్చింది. పై నుంచి ఏదో కాగితం వచ్చిందనీ, ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకుంటున్నదనీ మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ముందు ఆదివారం గుడ్డు పోయింది. తరవాత సబ్బు పోయింది. అవి మేము పెద్దగా పట్టించుకోలేదు, ఇళ్ళ దగ్గర మాత్రం ఉన్నాయా ఏమిటి! కానీ మాకు తెలియకుండా ఇంకొకటి జరుగుతూ వచ్చింది. హాస్టలు కరెంటు బిల్లు నెలల తరబడి మంజూరు కాలేదు. మేడమ్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారన్న సంగతి మాకు ఆవిడ చెప్పుల అరుగుదలను బట్టి తరవాత అర్థమైంది.

పరీక్షలకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. చదువుకోమని సెలవులిచ్చారు. పొద్దున్నే మేడమ్ బస్సెక్కి గుంటూరు వెళ్ళారు. మేము పంచలో పుస్తకాలు ముందేసుకుని ఉన్నాం. అప్పుడు సైకిలు మీద నిచ్చెన కట్టుకుని లైన్‌మాన్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, సన్నగా, ఖాకీ చొక్కాతో ఉన్నాడు. పెద్దమ్మ బియ్యం కడుగుతున్నదల్లా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“వార్డెన్ గారు లేరాండీ? కరెంటు తీసెయ్యమని ఆర్డరొచ్చింది,” అన్నాడు తలొంచుకుని.

“ఆ గోల మీదే గుంటూరెళ్ళింది. ఏందయ్యా ఇది? నీకు జీతమిచ్చేదీ గవర్నమెంటే, ఈ పిల్లలకు బియ్యమిచ్చేదీ గవర్నమెంటే. ఈ జేబులోంచి తీసి ఆ జేబులో ఏసుకోలేక పిల్లల మీద పడ్డారా?”

“నేనేం చేసేదమ్మా? పైనోళ్ళు చెప్పింది చెయ్యాలి గదా.”

“పైనోళ్ళొచ్చి ఎక్కుతారా స్తంభం? ఎక్కేది నువ్వేగా!”

ఆయన సైకిలు మీది నిచ్చెన విప్పాడు. స్తంభానికి నిచ్చెన ఆనించి ఎక్కాడు. మేమందరం పుస్తకాలతో సహా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాం. ఏడవాలని కూడా ఎవరికీ తోచలేదు, తలలెత్తి చూస్తున్నాం, అంతే. క్లాసు లీడర్ని గనుక నేనే మాట్లాడాలేమో అనిపించి, “అన్నా, పరీక్షలకు ఇంకా పన్నెండు రోజులేనండీ,” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన కిందికి, మా వైపు చూశాడు. తరవాత తల తిప్పి ఇంటి వెనక్కి ఎటో చూశాడు. చేతిలో తీగ కోసే కటింగ్ ప్లేయరు అలాగే ఉంది. ఎంతసేపున్నాడో గానీ మెడలు నొప్పులు పుట్టాయి మాకు. ఉన్నట్టుండి కటింగ్ ప్లేయరు నడుముకు దోపుకుని ఒక్కో మెట్టే దిగివచ్చేశాడు.

దిగి, మంచినీళ్ళడిగాడు. పెద్దమ్మ చెంబు తెచ్చి ఇస్తే గటగటా తాగి, పెన్నుందా అని అడిగితే నా పెన్నిచ్చాను. సైకిలు సీటు మీద ఆ ఆర్డరు కాగితం బోర్లించి, దాని వెనక రాశాడు. పెన్ను నాది గనుక పక్కనే ఉండి చూశాను. “ఇక్కడ ఆడపిల్లలున్నారు. నేను తీయలేను.” కింద సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చి, నిచ్చెన కట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు తాళం వేసి ఉందనో, ఇంట్లో ఎవరూ లేరనో రాసి తప్పించుకోవచ్చు. ఆ తెలివి ఆయనకు తోచకపోవడమే మా భాగ్యం, ఆయన దౌర్భాగ్యం.

మర్నాడు ఉదయం వాళ్ళ ఆఫీసరు స్కూటరు మీద వచ్చాడు. మేడమ్ గేటు దగ్గరే ఎదురెళ్ళారు. గొంతు పెంచే మనిషి కాదావిడ. “మీరు తీయించండి సార్, నేను అడ్డం రాను. కాకపోతే ఈ నలభైమందినీ తీసుకొచ్చి మీ ఆఫీసు వరండాలో దించుతాను. చదువులూ వంటా స్నానాలూ అన్నీ అక్కడే,” అన్నారు. ఆయన ముఖం కందగడ్డయింది. పరీక్షలయ్యేదాకా ఆగుతామని చెప్పి స్కూటరు తిప్పుకున్నాడు. పరీక్షలయ్యాయి, మేము ఇళ్ళకు పోయాం, ఎండాకాలంలో ఎప్పుడో ఆ బిల్లు కూడా మంజూరైందని విన్నాం. లైన్‌మాన్ అన్న మాత్రం మళ్ళీ కనిపించలేదు. సర్టిఫికెట్ల కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు కొత్తగా వచ్చిన లైన్‌మాన్‌ని అడిగితే, ఆర్డరు ధిక్కరించినందుకు ఇంక్రిమెంటు ఆపి, ప్రకాశం జిల్లాలో ఎక్కడో మూలకు బదిలీ చేశారన్నాడు. ఆయన పేరైనా అడగలేదే అని అప్పుడు తట్టింది. చాలాకాలం ప్రార్థనలో ‘ఆ లైన్‌మాన్ అన్న’ అనే చెప్పుకునేదాన్ని. లోకంలో ఎంతమంది లైన్‌మాన్లున్నారో, అందులో దేవుడికి ఎవరని తెలుస్తుందో అని కొంచెం బెంగగా కూడా ఉండేది.

నేను పాసయ్యాను. టీచరు ట్రైనింగు చేశాను, ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది. నా రెండో ఏటి జీతం నుంచీ అమ్మ మిరపచేలోకి పోవడం మానేసింది. మానేశాక కూడా కోతల రోజుల్లో అలవాటు కొద్దీ సాయంత్రం గిన్నెలో మజ్జిగ పోసుకుని అరుగు మీద కూర్చునేదట, నవ్వుకుంటూ.

ఆ సంగతి జరిగి ముప్పై ఏళ్ళు దాటాక నన్ను హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రకాశం జిల్లా వైపు ఒక పల్లెకు వేశారు. అక్కడ ఒకరోజు మా స్కూలుకు ఫ్యూజు వేయడానికి వచ్చిన కుర్ర లైన్‌మాన్ మాటల్లో మాటగా, ఈ ఊళ్ళో రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నాడనీ, వయసులో ఉండగా ఏదో హాస్టలు కరెంటు తీయనని ఆర్డరు మీదే రాసిచ్చి బదిలీ తెచ్చుకున్నంత అమాయకుడనీ నవ్వుతూ చెప్పాడు. ఆ సాయంత్రమే మా ఆయన్ని వెంటబెట్టుకుని ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయాను.

పంచలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది గానీ ఆ సన్నదనం అలాగే ఉంది. నేనెవరో, ఎక్కడిదాన్నో, ఆ రోజు స్తంభం కింద నిలబడి ఏమన్నానో చెప్పాను. అంతా విని, “నువ్వు ఏ పిల్లవో గుర్తులేదమ్మా. బదిలీ మాత్రం బాగా గుర్తుంది,” అని నవ్వాడు.

“గుర్తుండకేం!” అంది ఆయన భార్య లోపలి నుంచి వస్తూ. “నెలల పిల్లోణ్ణి చంకనేసుకుని సామానుతో లారీ ఎక్కింది నేను గదా. ఎవరి కోసమో తన బతుకు పాడుచేసుకునే మనిషినిచ్చాడు దేవుడు.”

ముప్పై ఏళ్ళ కోపమది. నాకు తలవంపయింది. మీరు ఆ రోజు మా పరీక్షల కోసం చేసిన పని వల్లే నేను ఇవాళ హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చున్నానని, దండం పెట్టి చెప్పబోయాను. ఆయన చేయి అడ్డం ఊపాడు.

“పరీక్షలక్కాదమ్మా. అబద్ధమెందుకు, నువ్వు చెప్పినా గూడా తీసేద్దామనే అనుకున్నా. లాంతర్లు పెట్టుకుని చదువుకుంటార్లే అనుకున్నా. పైనుంచి చూస్తే మీ వెనక పెరడు కనపడింది. బావి ఎండిపోయి ఉంది. మోటారొక్కటే దిక్కు. నలభైమంది ఆడపిల్లలు నీళ్ళు లేకుండా ఎట్టా ఉంటారు? అప్పుడు ఈమె బాలింత. ఆ నీళ్ళ కోసం ఎన్ని అగచాట్లు పడేదో ఇంట్లో చూస్తన్నా గదా. ఇంక చెయ్యాడలేదు.”

అప్పుడు ఆవిడ, “ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే,” అంది, చాలా చిన్న గొంతుతో. “నువ్వెప్పుడడిగావు?” అన్నాడాయన. ఆవిడ గబగబా లోపలికి పోయింది. ఎంతసేపటికో కాఫీలు పట్టుకొచ్చి మాకిచ్చి, వచ్చి ఆ మంచం మీదే ఆయన పక్కన కూర్చుంది. మేము లేచి వచ్చేటప్పుడు నా నెత్తిన చేయి వేసి, హాస్టల్లో తిండి బాగుండేదా అని అడిగింది.

ఇదంతా గుండెలో పెట్టుకున్న మనిషిని గనుక ఆ పుస్తకం చదివి ఊరుకోలేకపోయాను. హాల్లో నేనన్నది ఇదీ. హాస్టలు దూరమైతే మా అమ్మ నన్ను పంపేది కాదు, ఎనిమిది మైళ్ళు గనుక నడిచి వచ్చి చూసుకుంది. డబ్బు అమ్మ చేతికిస్తే ఆ డబ్బు ఇంట్లో అందరి ఆకలికీ పోయేది, అందులో అమ్మ తప్పేమీ లేదు. నేను మాత్రం క్రిస్మస్ వెళ్ళగానే చేలో ఉండేదాన్ని. హాస్టలంటే కేవలం అన్నం కాదు, కోతల రోజుల్లో పిల్లకు ఇంకో చోటు. ఇక కరెంటంటారా, మీ పుస్తకంలో అది యూనిట్లుగానే ఉంది. ఆగిపోతే ఆ ఇంట్లో ఇంకేమేమి ఆగిపోతాయో మీటరుకు తెలియదు. స్తంభం ఎక్కి పెరట్లోకి చూసే మనిషి ఉంటేనే అది తెలుస్తుంది. ఆ మనిషిని తీసేసి, దుబారా తగ్గిందని రాసుకోవడం నాకు సమ్మతం కాదన్నాను.

పార్టీ తరఫున వచ్చినాయన చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. “మీ బాధ అర్థమైంది మేడమ్. కానీ హాస్టళ్ళలో బియ్యం పక్కదారి పట్టడం అబద్ధమంటారా?” అన్నాడు. అబద్ధమని ఎలా అంటాను, కళ్ళారా చూసినదాన్ని! దొంగను పట్టుకోండి, అందరికన్నా ముందు నేనే సంతోషిస్తాను. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టకండి అన్నాను. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన నోటుబుక్కులో ఏదో రాసుకుని, ఇదంతా కాగితం మీద పెట్టి పంపమన్నాడు. మూడు రోజులు కూర్చుని రాసి పంపాను. ఆ పేజీలు మారుస్తారో మార్చరో నాకు తెలియదు. మారిస్తే సంతోషం. మార్చకపోతే, వద్దని ఒకరు చెప్పారన్న మాటైనా వాళ్ళ ఫైల్లో ఉంటుంది.

లైన్‌మాన్ అన్న నిరుడు పోయాడు. మేడమూ పెద్దమ్మా అంతకుముందే వెళ్ళిపోయారు. నన్ను చదివించిన బడ్జెట్లు ఎవరు రాశారో, ఏ సభలో చదివారో నేనెరగను. నాకు తెలిసిన ప్రభుత్వమంటే వాళ్ళే. ఒకావిడ నా పక్కన కూర్చుని సాంబారన్నం తింది, ఒకావిడ నా కోసం గొంతు చించుకుంది, ఒకాయన నా పెన్ను తీసుకుని తన బతుకు మీదికి తెచ్చుకున్నాడు. ఇప్పటి పిల్లలకు మాకన్నా ఎక్కువే అందుతున్నదేమో, ఫోను మోగగానే డబ్బు పడుతున్నదేమో, అది తక్కువ సంగతని నేననను. కానీ వాళ్ళు కూడా ఏదో ఒకనాటికి నా ఈడు వాళ్ళవుతారు. ఒక సాయంత్రం పూట మనసు నిండి, ఎవరికైనా దండం పెట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు పాపం వాళ్ళు ఎవరి ఇల్లు వెతుక్కుంటూ పోతారు? ఎవరి పంచలో కూర్చుంటారు?